మనిషి అడుగు పడని నేల

2023 ఆగస్టులో సెరెంగెటి చూసొచ్చి ఒక యాత్రా వ్యాసం రాశాను. ఎక్కడ వచ్చిందో చెప్పను, దయచేసి వెతక్కండి. దాని రెండో పేరాలో ఈ వాక్యం ఉంది: “మనిషి అడుగు పడని నేల ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఇక్కడికి రావాలి.” చదివినవాళ్లలో చాలామంది ఆ వాక్యాన్నే కాపీ చేసి షేర్ చేశారు. నేనూ మురిసిపోయాను.

ఇప్పుడు రాస్తున్నది ఆ వాక్యం మీద ఫిర్యాదు. అది నా ఒక్కడి తప్పే అయితే సిగ్గుపడి ఊరుకునేవాణ్ణి. కానీ తూర్పు ఆఫ్రికా పార్కుల మీద తెలుగులో వచ్చే వ్యాసాల్లో, ట్రావెల్ వీడియోల్లో అదే వాక్యం మాటలు కాస్త మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. “కన్యారణ్యం”, “కాలం ఆగిపోయిన చోటు”, “సృష్టి మొదలైన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.” చదవడానికి బాగుంటాయి. సమస్యేంటంటే, ఒక్కటీ నిజం కాదు. నిజం కాకపోవడం వల్ల కొంతమంది ఇళ్లు కూలుతున్నాయి కూడా.

ముందు నా వాక్యం సంగతే తేల్చేద్దాం. అరుషా నుంచి సెరెంగెటికి వెళ్లే దారి ఎన్‌గోరోన్‌గోరో మీదుగా పోతుంది. ఆ దారికి దగ్గర్లోనే ఓల్డువాయి లోయ ఉంది. అక్కడికి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో లాయెటోలి అనే చోటు. 1970ల చివర్లో మేరీ లీకీ బృందానికి అక్కడ అగ్నిపర్వతపు బూడిదలో గట్టిపడిపోయిన పాదముద్రలు దొరికాయి. రెండు కాళ్ల మీద నడిచిన మన పూర్వీకులవి, దాదాపు 36 లక్షల ఏళ్ల నాటివి. అంటే, “మనిషి అడుగు పడని నేల” అని రాయడానికి భూగోళం మొత్తంలో నేను ఎంచుకున్నది సరిగ్గా ఈ చోటు! ఆ ఊళ్ల పక్కనుంచే జీప్‌లో వెళ్లి, తిరిగొచ్చి, లాప్‌టాప్ తెరిచి ఆ ముక్క రాశాను.

అయితే 36 లక్షల ఏళ్ల నాటి అడుగుల్ని మర్చిపోవడం అజ్ఞానం అనుకోవచ్చు. నేను దాచింది అంతకంటే దగ్గరి కాలం నాటిది. దాన్ని నా కళ్లతో చూసి కూడా రాయలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మోరు అనే చోట ఆగాం. మైదానం మధ్యలో ఉన్నట్టుండి పెద్ద పెద్ద గ్రానైట్ గుండ్ల గుట్టలు లేస్తాయి. అక్కడ వాటిని కోప్యేలు అంటారు. హైదరాబాద్‌లో పెరిగినవాడికి ఆ రాళ్లు కొత్తేం కాదు, ఖాజాగూడలో మిగిలినవాటికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒక గుట్ట కింద పంచలాంటి నీడ. గోడ మీద ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో డాళ్ల బొమ్మలు. మసాయి డాళ్లు. నేను వెంటనే భీమ్‌బేట్కా మూడ్‌లోకి వెళ్లిపోయి, “ఎన్ని వేల ఏళ్ల నాటివి?” అని మా డ్రైవర్‌ని అడిగాను. ఆయన మసాయి. ఆయన నవ్వి, “వేలా? మా తాతల కాలం కుర్రాళ్లు గీసుకున్నవి రఫీకీ” అన్నారు. మొరాన్‌లు, అంటే పశువుల్ని, ఊరినీ కాపలా కాసే వయసు కుర్రాళ్లు, ఇలాంటి నీడల్లో చేరి మాంసం వండుకు తినేవాళ్లట. మరి ఇప్పుడు రారా అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న. “ఇక్కడ జీబ్రా గడ్డి తినొచ్చు. మా ఆవు తినకూడదు” అని ఆయన బండి వైపు నడిచారు.

ఇది నా వ్యాసంలో లేదు. బొమ్మల గురించి మాత్రం “ఆదిమ కళ” అని ఒక లైను ఉంది.

ఎందుకు రాయలేదు? నిజాయితీగా చెప్తే, మూడ్ చెడిపోతుందని. మనం రాసే సఫారీ వ్యాసానికి ఒక మూస ఉంది, అందులో ఈ సంభాషణ పట్టదు. మూస ఇలా నడుస్తుంది: తెల్లవారుజామున చలి. పొగమంచులో ఒంటరి తుమ్మ చెట్టు. మొదటి సింహం. దాని కళ్లలోకి చూడగానే మనకి కలిగిన జ్ఞానోదయం. ప్రకృతి ముందు మనిషి ఎంత అల్పుడో అని ఒక పేరా. మారా నదిని దాటే వైల్డెబీస్ట్ మందలు, మొసళ్లు, జీవన్మరణ పోరాటం మీద ఇంకో పేరా. సాయంత్రం మసాయి పల్లెలో ఎగిరే నాట్యం. చివర్లో సోమవారం పొద్దున మళ్లీ ఆఫీసు, ట్రాఫిక్, “ఎవరు నిజమైన జంతువులు?” అనే ప్రశ్న. మధ్యలో “బిగ్ ఫైవ్”లో ఎన్ని కనిపించాయో లెక్క. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అన్న ఈ జాబితా ప్రకృతి ప్రేమికులు తయారుచేసింది కాదు. కాలినడకన చంపడానికి అత్యంత ప్రమాదకరమైన ఐదు జంతువులవని తెల్లదొరల వేటగాళ్లు పెట్టుకున్న లెక్క. తుపాకీ పోయి కెమెరా వచ్చింది, జాబితా మారలేదు.

నది దాటే దృశ్యాన్ని నేనూ ఫొటో తీశాను. ఆ గట్టున మాతోపాటు ముప్పైకి పైగా బళ్లున్నాయి. డీజిల్ పొగ, రేడియోల్లో స్వాహిలి అరుపులు. నా ఫొటోలో ఇవేవీ లేవు, క్రాప్ చేశాను. ఒక సాయంత్రం నేను ఫోన్‌లో రెండు వేళ్లతో చేసిన పనినే అంతకు ముందు ప్రభుత్వాలు చట్టాలతో చేశాయి.

సెరెంగెటి అన్న పేరే మసాయి మాటల్లోంచి వచ్చింది. అంతులేకుండా సాగిపోయే నేల అని అర్థం చెప్తారు. 1951లో బ్రిటిష్ పాలనలో అది నేషనల్ పార్క్ అయ్యేనాటికి అక్కడ మనుషులున్నారు, ఆవులున్నాయి. 1958లో మసాయి పెద్దలతో ఒక ఒప్పందం రాయించుకున్నారు. దాని సారాంశం మీరు సెరెంగెటి వదిలేసి వెళ్లిపోవాలని. 1959లో ఎన్‌గోరోన్‌గోరోని విడదీసి, అక్కడ మనుషులూ జంతువులూ కలిసి ఉండొచ్చన్నారు. ఇప్పుడున్న సెరెంగెటి పార్క్ 14,763 చదరపు కిలోమీటర్లు. అందులో ఉద్యోగులు, పరిశోధకులు, లాడ్జీల్లో దిగే నాలాంటివాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. ఆ తర్వాత 1974లో ఎన్‌గోరోన్‌గోరో బిలం అడుగున ఉన్న మసాయిలనూ ఖాళీ చేయించారు. మనం “ప్రపంచపు సహజ వింత” అని పైనుంచి ఫొటో తీసే పచ్చటి పళ్లెం అదే.

అదే 1959లో ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. జర్మన్ జంతు శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కొడుకు మైకేల్ జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ సెరెంగెటి జంతువుల్ని లెక్కబెట్టారు. ఆ ఏడాది జనవరిలో ఒక రాబందు తగిలి విమానం కూలి మైకేల్ చనిపోయాడు. సెరెంగెటి చచ్చిపోకూడదు అని అర్థం వచ్చే పేరుతో వచ్చిన ఆ సినిమాకి ఆస్కార్ దొరికింది. ఆ తండ్రి దుఃఖాన్ని, పట్టుదలని తక్కువ చెయ్యను. ఈ పార్కు కోసం ప్రపంచమంతటా డబ్బు, మద్దతు కూడగట్టినవాళ్లలో ఆయన ముందుంటాడు. కానీ నేషనల్ పార్క్‌లో మనుషులెవరూ ఉండకూడదని, స్థానికులు కూడా ఉండకూడదని ఆయన నమ్మాడు, రాశాడు. “మనిషి అడుగు పడని నేల” అక్కడ దొరికింది కాదు, తయారు చేసింది. దాని తయారీ తేదీ కూడా మన దగ్గరుంది.

“సరే, మనుషుల్ని పంపించేశారు. కానీ ఆ మందలు? అవి అనాదిగా అలాగే ఉన్నాయి కదా?” నేనూ అలాగే అనుకున్నాను. అసలు కథ ఇంకా విచిత్రం. 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువుల ద్వారా రిండర్‌పెస్ట్ ఆఫ్రికా కొమ్ములోకి దిగిందంటారు. మన ఊళ్లలో ముసర, పెద్దరోగం అనేవారు చూడండి, అదే. రెండు మూడేళ్లలో అది మసాయి నేలకి చేరి పశువుల్లో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టేసింది. దాని వెనకే కరువు, మశూచి. మసాయిలు ఆ కాలాన్ని ఎముతాయ్, అంటే సర్వనాశనం, అని పిలుస్తారు. 1892లో ఎన్‌గోరోన్‌గోరో చేరిన ఆస్కార్ బౌమన్ అనే ఆస్ట్రియా యాత్రికుడు అక్కడ ఆకలికి ఎముకల గూళ్లయిన మనుషుల్ని చూశాడు. తర్వాత వచ్చిన యూరోపియన్లకి ఆ మైదానాలు ఖాళీగా కనిపించాయంటే, కారణం చావులు. దాన్నే వాళ్లు ఆదిమ ప్రకృతి అనుకున్నారు.

ఆ రోగం వైల్డెబీస్ట్‌లనీ చంపుతూనే ఉండేది. 1950లు, 60లలో చుట్టుపక్కల ఆవులకి టీకాలు వేయడంతో అడవిలోనూ రోగం ఆగిపోయింది. 1960ల మొదట్లో సుమారు రెండున్నర లక్షలున్న వైల్డెబీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షల దాకా పెరిగాయి. మనం “లక్షల ఏళ్లుగా మారని మహా ప్రస్థానం” అని రాసే మంద, ఈ సైజులో, మా నాన్న కంటే చిన్నది. దాని వెనక పశువుల డాక్టర్లు, సిరంజీలు, టీకా వేయించుకున్న ఆవులు, ఆ ఆవుల్ని తోలుకొచ్చిన కాపరులు ఉన్నారు. నాకిది సింహం కళ్ల కంటే గొప్ప కథ అనిపిస్తుంది. తెలుగులో ఎవరైనా రాశారేమో, నా కంట పడలేదు.

గడ్డి కథా అంతే. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం నైరుతి కెన్యాలో వేల ఏళ్ల కిందట పశువుల దొడ్లు ఉన్న చోట్ల పేడతో నేల సారవంతమైంది. ఇప్పటికీ అక్కడ మంచి గడ్డి మొలుస్తోంది. వాటిలో కొన్ని మూడు వేల ఏళ్లకు పైబడిన దొడ్లు. అడవి జంతువులు ఆ గడ్డి కోసం చేరతాయి. మనుషులు పాడుచేయని సవన్నాని చూడాలని వెళ్లి మనం చూసేది కొంతమేరకు మనుషులు, ఆవులు కలిసి చేసిన సవన్నాని. ఆ మనుషులు కూడా అనాదిగా మసాయిలే అని అనడంలేదు. మసాయిలు ఆ మైదానాలకి వచ్చి రెండు మూడు వందల ఏళ్లే అయి ఉంటుంది, వాళ్లకంటే ముందు డటోగా కాపరులున్నారు, ఇంకా ముందు ఇంకెవరో. అక్కడా చరిత్ర ఉంది, అన్ని చోట్లా ఉన్నట్టే.

మరి ఈ మూస మనకెక్కణ్ణుంచి వచ్చింది? మనదైతే కాదు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకి కెన్యా వెళ్లాడు. 1910లో వచ్చిన ఆయన పుస్తకంలో మొదటి అధ్యాయం పేరే, ప్లైస్టోసీన్ యుగం గుండా రైలు ప్రయాణం అని అర్థం వచ్చేది. అంటే మొంబాసా నుంచి రైలెక్కితే లక్షల ఏళ్లు వెనక్కి వెళ్లిపోవచ్చని. ఆ రైలు పట్టాలు వేసిందెవరు? ఇండియా నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, తీసుకెళ్లిన ముప్పై వేలకు పైగా కూలీలు. వాళ్లలో రెండు వేల అయిదువందల మంది దాకా చనిపోయారు. వాళ్లేసిన పట్టాల మీద కూర్చుని దొర “మనిషి పుట్టకముందు లోకం” చూశాడు. నూరేళ్ల తర్వాత అదే దేశం నుంచి వెళ్లిన నేను, కూలీల కళ్లతో కాకుండా దొర కళ్లతో చూసొచ్చాను.

మా తరానికి ఆ చూపు నేర్పింది పుస్తకాలు కూడా కాదు, లయన్ కింగ్. 1994 నాటి బొమ్మల సినిమా నుంచి, నాని సింబాకి గొంతిచ్చిన 2019 తెలుగు డబ్బింగ్ దాకా దాన్ని ఎన్నిసార్లు చూశామో. ఆ లోకంలో స్వాహిలి పేర్లున్నాయి, స్వాహిలి సామెతలాంటి పాట ఉంది, స్వాహిలి మాట్లాడే మనిషి మాత్రం ఒక్కడూ లేడు. పిల్లల సినిమా కదా, పోనివ్వండి అనొచ్చు. పెద్దల వ్యాసాల్లోనూ ఆ మనిషి లేకపోతేనే ఇబ్బంది.

లేడనడం కూడా పూర్తి నిజం కాదు, ఉంటాడు. ఎర్రటి షుకా కప్పుకుని, ఎగురుతూ, సూర్యాస్తమయానికి ఎదురుగా. మసాయి మన రాతల్లో జిరాఫీకీ లాడ్జిలో డిన్నర్‌కీ మధ్య వచ్చే ఐటెం. ఆయనకి భూమి తగాదా ఉండదు, కోర్టు కేసు ఉండదు, ఫోన్ ఉండదు. నిజానికి మా డ్రైవర్ రోజూ రాత్రి ఫోన్‌లో వాళ్ల ఊరి వార్తలు చూసి ముఖం ముడుచుకునేవారు. ఏమైందని ఒక్క రోజు కూడా అడగలేదు నేను. తర్వాత, ఇంటికొచ్చి చదివితే తెలిసింది.

మేము మారా గట్టున నది దాటే దృశ్యం కోసం కాచుకుని కూర్చున్న చోటికి తూర్పున, పార్క్ హద్దు అవతల, లోలియోండో ఉంది. నేను వెళ్లడానికి ఏడాది ముందు, 2022 జూన్‌లో, అక్కడ 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమిని వన్యప్రాణి రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తూ ప్రభుత్వం హద్దురాళ్లు పాతింది. అడ్డుకున్న మసాయిల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బాణం తగిలి ఒక పోలీసు చనిపోయాడు. ఎందరో గాయాలతో సరిహద్దు దాటి కెన్యాకి పారిపోయారు. ఆ ప్రాంతంలో 1990ల నుంచీ ఒక గల్ఫ్ సంపన్నుల కంపెనీకి వేట హక్కులున్నాయి. మరోసారి చదవండి: ఆవులు మేస్తే ప్రకృతి పాడవుతుంది, డబ్బిచ్చి సింహాన్ని కాల్చొచ్చు.

ఎన్‌గోరోన్‌గోరోలో 1959లో కలిసి ఉండమన్నవాళ్లకి ఇప్పుడు ‘స్వచ్ఛంద పునరావాసం’ అంటున్నారు. దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో మ్‌సొమేరాలో ఇళ్లు కట్టిచ్చారు. స్వచ్ఛందమే అంటుంది ప్రభుత్వం. బడులకి, ఆస్పత్రులకి నిధులు ఆపేసి పొమ్మనకుండా పొగబెడుతున్నారంటారు అక్కడివాళ్లు. 2024 ఆగస్టులో తమ గ్రామాల గుర్తింపు, ఓటు హక్కు తీసేస్తున్నారని వేలమంది మసాయిలు రోడ్డు మీదికొచ్చారు. అదే టూరిస్టు బళ్లు సెరెంగెటి వెళ్లే రోడ్డు. కొన్ని రోజులు బళ్లు ఆగిపోయాయి. ప్రభుత్వం ఆ విషయంలో వెనక్కి తగ్గింది. మనం మన వ్యాసాల్లో క్రాప్ చేసినవాళ్లు సరిగ్గా మన ఫ్రేమ్ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

ఎదుటి వాదన బలహీనమైందేం కాదు. 1959లో ఎన్‌గోరోన్‌గోరోలో ఎనిమిది వేల మంది ఉండేవారు, ఇప్పుడు లక్ష, అంత మందిని ఆ నేల మోయగలదా అని టాంజానియా ప్రభుత్వం అడుగుతోంది. పార్కులే లేకపోతే 1970లు, 80లలో ఖడ్గమృగాల్ని ఊచకోత కోసిన దొంగ వేట మిగిలినవాటినీ మింగేసేది. ఇది నిజం. టూరిస్టు డాలర్లతో పేద దేశం నడుస్తోంది, ఇదీ నిజం. పార్కులు ఎత్తేయమని నేను అనడంలేదు. మీరు వెళ్లొద్దనీ అనడంలేదు, నాకే మళ్లీ వెళ్లాలనుంది. కానీ మనిషికీ జంతువుకీ మధ్య ఎవరో ఒకర్నే ఎంచుకోవాలన్నది ఎంత నిజమో చూడండి. కెన్యా వైపు, మారా దగ్గర లోయిటా మైదానాల్లో వైల్డెబీస్ట్‌లు బాగా తగ్గిపోవడానికి పెద్ద కారణం ట్రాక్టర్లతో వేసిన గోధుమ చేలని పరిశోధకులు తేల్చారు. కాపరుల ఆవులు కాదు. అదే మారా చుట్టూ ఇప్పుడు మసాయి భూస్వాములు తమ నేలని కలిపి, కౌలుకిచ్చి, సింహాలకీ ఆవులకీ వంతులు వేసి నడిపే కన్జర్వెన్సీలున్నాయి. వాటిలోనూ కౌలు డబ్బు మీద, మేత మీద తగాదాలున్నాయి. తగాదా పడే హక్కు ఉండటమే తేడా.

“ఇంతకీ టాంజానియాలో ఎవరో కాపరుల గురించి తెలుగువాడికెందుకు?” అంటారా. మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఫరహాబాద్ సఫారీకి ఎప్పుడైనా వెళ్లారా? వారాంతాల్లో హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. నల్లమలలో చెంచుల పెంటలున్నాయి. పులుల కోసం అడవి లోపలి ఊళ్లని బయటికి తరలించాలనే మాట అక్కడా ఉంది, ‘స్వచ్ఛంద పునరావాసం’ అన్న మాట కూడా అచ్చు అదే. అక్కడికి వెళ్లొచ్చి మనం పెట్టే పోస్టుల్లో ఏముంటుంది? “దట్టమైన అడవి, మనిషి అలికిడి లేదు.” బండి నడిపి, పులి అడుగు చూపించిన గైడ్ చాలాసార్లు చెంచు యువకుడే. సెరెంగెటి గురించి అబద్ధం రాయడానికి అలవాటుపడ్డ చేతికి నల్లమల గురించి రాయడం కష్టం కాదు.

కాబట్టి నా డిమాండ్ చిన్నది, మన చేతుల్లో ఉన్నది. సఫారీ అంటే స్వాహిలిలో ప్రయాణం, అంతే. అరబిక్ నుంచి వచ్చిన మాట, మన హైదరాబాదీ ‘సఫర్’కి చుట్టం. ప్రయాణం గురించి రాసేవాడు దారిలో ఎదురైన మనుషుల గురించి రాయాలి. సింహం గురించి రాయండి, సూర్యోదయం గురించి రాయండి, నాకేం అభ్యంతరం లేదు. దానితోపాటు ఆ నేల మీద మొన్నటిదాకా ఎవరున్నారో, ఎప్పుడు పంపేశారో, మీకు బండి నడిపినాయన ఏ ఊరివాడో కనీసం ఒక్క పేరా రాయండి. మెల్లగా మూస పగులుతుంది. ఎడిటర్లకీ ఒక మాట: “కన్యారణ్యం” అని కనిపించగానే రచయితకి ఫోన్ చేసి, ‘అక్కడ ఎవరుండేవారు?’ అని అడగండి. నన్ను ఎవరూ అడగలేదు.

నా పాత వ్యాసాన్ని తీసేయమని అడుగుదామనుకున్నాను. మళ్లీ అదీ ఒక చెరిపివేతే అనిపించింది. ఉండనిమ్మన్నాను. రెండో పేరాలో ఆ వాక్యం కింద ఒక సవరణ మాత్రం పంపాను: “ఈ మాట తప్పు. మోరు గుట్టల్లో మా డ్రైవర్ గారి తాతల తరం గీసిన డాళ్లు నేను చూశాను. వాళ్లని 1959 కల్లా ఇక్కణ్ణుంచి పంపించేశారు.”